నికాన్ డి700 కొనాలా, కెనాన్ 5డి మార్క్ 2 కొనాలా: పెళ్ళిళ్ళ లెక్క వేరు, కొండల లెక్క వేరు

తమ్ముడూ, నువ్వు అడిగింది మొత్తం చదివా. మీ బావగారి స్టూడియోలో క్యాండిడ్‌కి వెళ్తున్నావు, ఇప్పుడు క్రాప్ బాడీ (చిన్న సెన్సార్ ఉన్న కెమెరా) వదిలేసి సొంతంగా ఒక ఫుల్ ఫ్రేమ్ (ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సార్ ఉన్నది) కొనుక్కుందామనుకుంటున్నావు, కొత్తదానికి డబ్బుల్లేవు, కోఠి గుజరాతీ గల్లీలో ఒక నికాన్ డి700, ఒక కెనాన్ 5డి మార్క్ 2 ఇంచుమించు ఒకే రేటుకి చూసొచ్చావు. పెళ్ళిళ్ళు మెయిన్, ఆదివారం ఖాళీ దొరికితే గండికోట, మారేడుమిల్లి వైపు ల్యాండ్‌స్కేప్‌లు, కుదిరితే కాస్త వీడియో. "అన్నా రెండిట్లో ఏది బెస్టు, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో అయితే డి700 తీసుకో. కానీ నువ్వు పెళ్ళిళ్ళు మెయిన్ అన్నావు కాబట్టి అలా చెప్తున్నా, అదే కొండలూ గుళ్ళూ మెయిన్ అని రాసుంటే ఇంకేం ఆలోచించకుండా 5డి మార్క్ 2 అనేవాణ్ణి. రెండూ వాడా, రెండిటితోనూ ఆర్డర్లు చేశా, అందుకని ఎందుకో కాస్త వివరంగానే రాస్తా, ఓపిగ్గా చదువు.

రెండిటినీ 2008లోనే ప్రకటించారు, నికాన్ జూలైలో, కెనాన్ సెప్టెంబర్‌లో. కానీ రెండు కంపెనీలూ పూర్తిగా ఎదురెదురు దారులు పట్టాయి. నికాన్ వాళ్ళు ఏం చేశారంటే అంతకు ముందు ఏడాది ప్రెస్ వాళ్ళ కోసం తెచ్చిన డి3లోని 12 మెగాపిక్సెల్ సెన్సార్‌నీ, దాని 51 పాయింట్ల ఫోకస్ సిస్టమ్‌నీ తీసుకొచ్చి చిన్న బాడీలో పెట్టేశారు. కెనాన్ వాళ్ళేమో వాళ్ళ టాప్ బాడీ 1డిఎస్ మార్క్ 3లో ఉన్నట్టే 21 మెగాపిక్సెల్స్ ఇచ్చి, వీడియో ఇచ్చి, ఫోకస్ దగ్గరికొచ్చేసరికి 2005 నాటి పాత 5డిలో ఉన్న 9 పాయింట్ల సిస్టమ్‌నే దాదాపు అలాగే వదిలేశారు. అంటే నికాన్ వాడు పిక్సెల్స్‌లో పొదుపు చేశాడు, కెనాన్ వాడు ఫోకస్‌లో పొదుపు చేశాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ రెండు కెమెరాల గొడవంతా ఇక్కడే తిరుగుతుంది, కింద నేను రాసేదంతా దీని మీదే.

ముందు పెళ్ళి సంగతి. తలంబ్రాల టైమ్ ఊహించుకో. అర్ధరాత్రి ముహూర్తం, మండపంలో సగం ట్యూబ్‌లైట్లు సగం ఎల్ఈడీ పార్ లైట్లు, పక్కన వీడియో వాడి లైటు ఎటు తిప్పితే అటు వెలుగు, హోమం పొగ ఇంకా పూర్తిగా పోలేదు, పెళ్ళికూతురు లేచి నిలబడి దోసిలి పైకెత్తింది, అంతవరకూ తల దించుకుని ఉన్న మనిషి నవ్వుతోంది, నీ ఫ్రేమ్‌లో ఆమె మొహం మధ్యలో లేదు, పైన ఎడమ వైపు ఉంది. 5డి మార్క్ 2లో క్రాస్ టైప్ పాయింట్ (నిలువూ అడ్డం రెండు దిశల గీతల్నీ పట్టుకునేది) ఒక్కటే, అది నట్టనడుమ. చుట్టూ ఉన్న ఎనిమిదీ ఒక్క దిశలో గీతల్నే పట్టుకుంటాయి కాబట్టి ఆ వెలుతురులో పక్క పాయింట్ పెడితే లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది, ఈలోపు బియ్యం పెళ్ళికొడుకు నెత్తి మీద పడిపోయి ఉంటాయి. అందుకే 5డి2 వాళ్ళందరూ మధ్య పాయింట్‌తో కంటి మీద లాక్ చేసి తర్వాత ఫ్రేమ్ తిప్పుకునేవాళ్ళు. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఫోకస్‌లో ఉండే పొర పలచనవుతుంది, ఎఫ్4లో పర్లేదు, 85 ఎంఎం లెన్స్‌ని ఎఫ్1.8లో పెట్టి అలా తిప్పితే ఫోకస్ కంటి మీంచి చెవి జూకా మీదకి పోతుంది. జూకా మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది.

డి700లో 51 పాయింట్లలో 15 క్రాస్ టైప్. అన్నీ మధ్యలోనే గుంపుగా ఉంటాయి, ఫ్రేమ్ అంచుల దాకా రావు, ఆ మాట నిజమే. కానీ ఆ గుంపు లోపల ఏ పాయింట్ పెట్టినా నమ్మొచ్చు. ఏఎఫ్-సిలో (కదిలే మనిషి వెంట ఫోకస్ ఆగకుండా తిరిగే మోడ్) పెట్టి, డైనమిక్ ఏరియా (చుట్టుపక్కల పాయింట్ల సాయం తీసుకునేది) 9 గానీ 21 గానీ పెట్టుకుని, మొహం మీద పాయింట్ ఉంచి నొక్కుతూ పోవడమే. 3డి ట్రాకింగ్ అని ఒకటి ఉంటుంది, మన పెళ్ళిళ్ళలో దాన్ని ముట్టుకోకు, అది రంగు చూసి వెంటపడుతుంది, మండపం నిండా ఎర్ర పట్టుచీరలే ఉంటే దేని వెంట పడుతుంది పాపం. స్పీడ్ కూడా చూడు, డి700 సెకనుకి 5 ఫ్రేములు, ఎంబి-డి10 గ్రిప్ తగిలించి అందులో డబుల్ ఏ సెల్స్ ఎనిమిది గానీ డి3 వాడే పెద్ద బ్యాటరీ గానీ వేస్తే 8 ఫ్రేములు. 5డి2 సెకనుకి 3.9. స్పీడ్ కంటే నాకు ముఖ్యం అనిపించేది బటన్ నొక్కాక షట్టర్ పడే లోపు గ్యాప్, డి700 చటుక్కున పడుతుంది, 5డి2లో చిన్న తడబాటు ఉంటుంది, వాడిన వాడికి వేలికి తెలిసిపోతుంది. జీలకర్రా బెల్లం పెట్టాక తెర తీసే ఆ సెకనులో ఇది తేడా చేస్తుంది.

హై ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో తియ్యడానికి కెమెరా సున్నితత్వం పెంచడం) గురించి జనం డి700 దేవుడు అన్నట్టు మాట్లాడతారు. కొంచెం తగ్గించుకుని విను. రెండూ మామూలుగా 6400 దాకా వెళ్తాయి, పొడిగిస్తే 25600. పిక్సెల్ పిక్సెల్ పక్కన పెట్టి స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే డి700 క్లీన్‌గా ఉంటుంది, దాని పిక్సెల్స్ పెద్దవి కదా. అదే రెండిటినీ ఒకే సైజు ప్రింట్ వేస్తే 3200 దాకా కస్టమర్ ఎవడూ తేడా చెప్పలేడు. తేడా ఎక్కడంటే నువ్వు ఎక్స్‌పోజర్ తక్కువ చేసి తర్వాత కంప్యూటర్లో లేపినప్పుడు. డి700 ఫైల్ గ్రెయిన్ గ్రెయిన్‌గా లేస్తుంది, చూడ్డానికి ఫిల్మ్‌లా ఉంటుంది. 5డి2 ఫైల్‌లో నల్ల కోటు, నల్ల జుట్టు ఉన్న చోట చారలు చారలుగా లేస్తుంది. గ్రెయిన్‌ని క్షమిస్తారు గానీ చారల్ని క్షమించరు.

ఇంక ఆల్బమ్. "12 మెగాపిక్సెల్ సరిపోతుందా అన్నా" అని అడిగావు కదా, లెక్క వేసుకుందాం. డి700 ఫైల్ 4256 బై 2832, 5డి2 ఫైల్ 5616 బై 3744. మనవాళ్ళు అడిగేది 12/36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీటు, అంటే ఒక పక్క పేజీ 12/18. ఒక పేజీ నిండా ఒకే ఫోటో పెడితే డి700కి అంగుళానికి 236 పిక్సెల్స్ వస్తాయి, 5డి2కి 312. 236 చాలు, లామినేషన్ వేశాక అసలు తెలీదు. అదే షీటు మొత్తం 36 అంగుళాలూ ఒకే ఫోటో పరిస్తే డి700 118కి పడిపోతుంది, 5డి2 కూడా 156 దగ్గరే ఉంటుంది. మొహానికి దగ్గరగా తీసినదైతే ఆ 118 కూడా నడిచిపోతుంది, కానీ రెండు వైపుల బంధువులందరినీ నిలబెట్టి తీసిన గ్రూపు ఫోటోని షీటు నిండా పరిచి చివర నిలబడ్డ పెద్దనాన్నగారి మొహం చూశావనుకో, అక్కడ కెనాన్ గెలుస్తుంది. ఇంకోటి, డి700తో తీసేటప్పుడు ఫ్రేమింగ్ అక్కడికక్కడే సరిగ్గా చూసుకోవాలి, తర్వాత సగానికి క్రాప్ చేద్దాంలే అంటే కుదరదు. పైగా వ్యూఫైండర్ 95 శాతమే చూపిస్తుంది, నీకు కనపడని వాడు ఒకడు అంచులో దూరుతూ ఉంటాడు. 5డి2 98 శాతం.

రంగుల దగ్గర రెండూ ఒకే చోట దెబ్బ తింటాయి, అది ఎరుపు. ఎర్ర పట్టుచీర, కుంకుమ, పారాణి, వీటి మీద వీడియో లైటు పడితే మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు నీడల గ్రాఫ్) అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, లోపల రెడ్ ఛానెల్ మాత్రం గోడకి గుద్దుకుని ఉంటుంది, తర్వాత చూస్తే చీర మీద నేత పోయి ఎర్ర రంగు పూసిన అట్టలా కనిపిస్తుంది. రెండిట్లోనూ ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆప్షన్ ఉంది, అది ఆన్ చేసుకుని రెడ్ చూసి ఎక్స్‌పోజర్ తగ్గించుకో. జేపెగ్‌లో నేరుగా ఇచ్చే స్టూడియో అయితే కెనాన్ చర్మం రంగు మనవాళ్ళకి వెంటనే నచ్చుతుంది, నికాన్ కాస్త పసుపు వైపు పోతుంది, హల్దీ ఫంక్షన్‌లో అయితే చెప్పనే అక్కర్లేదు. రా (కెమెరా ప్రాసెస్ చెయ్యని ఫైల్) తీసి నువ్వే కరెక్షన్ చేసుకుంటే ఇది సమస్యే కాదు.

ఫ్లాష్ సంగతి తొందరగా చెప్పేస్తా. డి700కి నెత్తి మీద చిన్న ఫ్లాష్ ఉంది, దానితో ఫోటో తియ్యమని చెప్పను గానీ, అది దూరంగా పెట్టిన నికాన్ ఫ్లాష్‌లని వైర్ లేకుండా కంట్రోల్ చేస్తుంది, ట్రిగ్గర్ పాడైన రోజున కాపాడుతుంది. 5డి2కి ఫ్లాష్ లేదు, చీకట్లో ఫోకస్‌కి సాయం చేసే చిన్న లైటు కూడా బాడీలో లేదు. సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో మామూలుగా వాడగలిగే గరిష్ఠ షట్టర్ స్పీడ్) నికాన్ 1/250, కెనాన్ 1/200. ఇప్పుడు అందరూ వాడే గోడాక్స్ ట్రిగ్గర్లు రెండిటికీ దొరుకుతాయి.

రెండిట్లోనూ ఉన్న పెద్ద లోపం ఒకే ఒక్క కార్డు స్లాట్, అదీ సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్) కార్డు. డబ్బులు తీసుకుని పెళ్ళి తీసేవాడికి ఇది భయం. అందుకని ఒక్క పెద్ద కార్డులో పెళ్ళంతా పెట్టకు, 8 జీబీ, 16 జీబీ కార్డులు నాలుగైదు పెట్టుకుని ఘట్టం ఘట్టానికి మార్చు, స్నాతకం ఒకదాంట్లో, ముహూర్తం ఒకదాంట్లో, అప్పగింతలు ఇంకోదాంట్లో. కార్డు పెట్టేటప్పుడు అడ్డంగా తోస్తే లోపల పిన్ను వంగుతుంది, నిదానంగా పెట్టు.

ఇప్పుడు కొండల దగ్గరికి వద్దాం, ఇక్కడ ఆట తిరగబడుతుంది. గండికోటలో పొద్దున్నే పెన్నా లోయ అంచున ట్రైపాడ్ వేసి కూర్చున్నావనుకో, నీకు 51 పాయింట్లు ఎందుకు, ఆ రాయి ఎక్కడికీ పోదు. లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీద చూడ్డం) ఆన్ చేసి 10 రెట్లు పెద్దది చేసి చేత్తో ఫోకస్ పెట్టుకుంటావు. అప్పుడు 21 మెగాపిక్సెల్స్ ఏంటో తెలుస్తుంది, ఎదురు గట్టున ఎర్ర రాళ్ళ పొరలు, మధ్యలో మొలిచిన పొదలు, కింద నీటి అంచు, అన్నీ విడివిడిగా వస్తాయి. డి700 ఫైల్‌లో దగ్గరి రాయి అద్భుతంగా ఉంటుంది గానీ దూరంగా చిన్న ఆకులు ఉన్న చోట కలిసిపోయి ముద్దలా అవుతాయి. గోడకి పెద్ద ప్రింట్ వేస్తే ఇది కనిపిస్తుంది, ఇన్‌స్టాకి అయితే రెండూ ఒకటే, ఆమాటకొస్తే నీ ఫోన్ కూడా అంతే.

5డి2 లైవ్ వ్యూలో సైలెంట్ మోడ్ అని ఉంది, అందులో షట్టర్ మొదటి తెర ఎలక్ట్రానిక్‌గా తెరుచుకుంటుంది కాబట్టి అదురు ఉండదు, 1/10 సెకను లాంటి స్పీడ్‌లలో టెలి లెన్స్‌తో తీసేటప్పుడు ఇది బంగారం. డి700లో మిర్రర్ అప్ (ఫోటోకి ముందే లోపలి అద్దం లేపి ఉంచడం) పెట్టుకుని రిమోట్‌తో తియ్యాలి. ఇంకా డి700 అసలు ఐఎస్ఓ 200 నుంచి మొదలవుతుంది, 100 అని లో 1 పేరుతో ఉంది గానీ అందులో హైలైట్లు తొందరగా పోతాయి. మారేడుమిల్లి వాగుల్లో నీళ్ళని పాలలా తియ్యాలంటే నికాన్‌కి ఒక స్టాప్ (అంటే వెలుగు సగం చేసేంత) ఎక్కువ ఎన్‌డి ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్ల అద్దం) కావాలి.

కానీ 5డి2కి కొండల్లోనూ ఒక గొయ్యి ఉంది, పైన చెప్పిన చారలే. తక్కువ ఐఎస్ఓలో కూడా నీడల్ని గట్టిగా లాగితే నిలువు చారలు పైకొస్తాయి. రామప్ప లాంటి గుడిలో నల్లరాయి స్తంభాలు, బయట ఎండ, లోపల చీకటి, ఒకే ఫ్రేమ్‌లో ఒకే షాట్ తీసి ఆకాశం కాపాడుకుని తర్వాత స్తంభాన్ని మూడు స్టాపులు లేపుదాం అంటే 5డి2 ఫైల్ ఒప్పుకోదు, ఆ మదనికల శిల్పాల ఒంటి నునుపు మీద గీతలు పడతాయి. డి700 ఇంకాస్త ఓర్చుకుంటుంది, అది కూడా ఇప్పటి సెన్సార్ల లెవెల్ కాదు. కాబట్టి 5డి2 వాడితే బ్రాకెటింగ్ (ఒకే సీన్‌ని వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తియ్యడం) అలవాటు చేసుకో. అది మూడు ఫ్రేములే ఇస్తుంది, కానీ రెండేసి స్టాపుల తేడాతో పెట్టుకోవచ్చు, చాలా సీన్లకి సరిపోతుంది. డి700 తొమ్మిది ఫ్రేముల దాకా ఇస్తుంది, ఫ్రేముకీ ఫ్రేముకీ ఒక స్టాప్ మించదు, అదే రేంజ్‌కి ఐదు ఫ్రేములు కావాలి. టైమ్‌ల్యాప్స్‌కి డి700లో ఇంటర్వెల్ టైమర్ లోపలే ఉంది, 5డి2కి బయట రిమోట్ కొనాలి లేదా మ్యాజిక్ లాంటర్న్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్డులో వేసుకోవాలి.

నువ్వు డి700 తీసుకున్నావనుకో, ల్యాండ్‌స్కేప్‌కి మార్గం లేదని కాదు. కెమెరాని నిలువుగా తిప్పి, మాన్యువల్ ఎక్స్‌పోజర్, మాన్యువల్ ఫోకస్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి, ఒకదానిమీద ఒకటి మూడో వంతు కలిసేలా ఐదారు ఫ్రేములు పక్కపక్కన తీసి అతికించు. గండికోట లాంటి వెడల్పు సీన్లకి అది ఎలాగూ బాగుంటుంది, 5డి2 సింగిల్ షాట్ కంటే పెద్ద ఫైల్ వస్తుంది. మేఘాలు, ఆకులు కదలకపోతే చాలు. ఇదే మాట తిరగేసి చెప్పలేం, 5డి2 ఫోకస్‌ని ఏ సాఫ్ట్‌వేరూ తర్వాత బాగుచెయ్యలేదు. అందుకే నీ కేసులో నా ఓటు నికాన్‌కి.

వీడియో. డి700లో వీడియో లేదు, సున్నా. 5డి2 ఫుల్ హెచ్‌డీ వీడియో తీసిన మొదటి ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ ఎస్ఎల్ఆర్, సినిమావాళ్ళు కూడా ఎగబడ్డారు, 2011లో రాంగోపాల్ వర్మ దొంగల ముఠా సినిమాని ఐదు రోజుల్లో చుట్టేసింది కెనాన్ 5డితోనే. ఇప్పటికీ ఆ ఫుటేజ్‌కి ఒక అందం ఉంది. కానీ ప్రీవెడ్డింగ్ పాట తియ్యడానికి వేరు, పెళ్ళి మొత్తం కవర్ చెయ్యడానికి వేరు. క్లిప్ 4 జీబీ నిండగానే, సుమారు 12 నిమిషాలకి, ఆగిపోతుంది, వీడియోలో కదిలే మనిషిని ఫోకస్ వెంటాడదు, కెమెరా గబుక్కున తిప్పితే స్తంభాలు వంగిపోతాయి, హెడ్‌ఫోన్ పెట్టుకుని సౌండ్ వినడానికి సాకెట్ లేదు. మొదట్లో సెకనుకి 30 ఫ్రేములే ఉండేవి, 24, 25 ఫ్రేములు 2010 మార్చిలో ఫర్మ్‌వేర్‌తో (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టకపోతే వీడియో మినుకుమినుకుమంటుంది. ఆ ఫర్మ్‌వేర్ వేశారో లేదో చూస్కో, వీడియో సిస్టమ్ పాల్ (PAL) అని పెట్టాక కూడా మెనూలో 25 కనపడకపోతే వెయ్యలేదన్నమాట. దీనికి తోడు ఇప్పుడు నీ ఫోనే 4కే తీస్తోంది, "కాస్త వీడియో" కోసమే అయితే 5డి2 కొనకు.

పక్షుల గురించి నువ్వు అడగలేదు గానీ కొల్లేరు పక్కనే ఊరన్నావు కాబట్టి ఒక మాట. ఆటపాక గూడబాతులకి ఈ రెండూ కరెక్ట్ కాదు. డి700 ఫోకస్ పట్టుకుంటుంది, రెక్కలు విప్పి దిగే పక్షిని కూడా పట్టుకుంటుంది, కానీ క్రాప్ బాడీ ఇచ్చే దగ్గరితనం కోసం ఫైల్ కోస్తే 5 మెగాపిక్సెల్సే మిగులుతాయి. 5డి2లో కోసినా 8 మిగులుతాయి, ఫోకస్ ఉంటే. ఇప్పుడు నీ దగ్గర ఉన్న క్రాప్ బాడీని అమ్మకుండా దానికి ఉంచుకో.

లెన్సులు అసలు ఖర్చు. కెనాన్ వైపు ఫుల్ ఫ్రేమ్ ట్రావెల్ సెట్ చవకగా అయిపోతుంది, 24-105 ఎఫ్4 ఎల్ సెకండ్ హ్యాండ్‌లో కుప్పలుగా ఉంటాయి, 17-40 ఎఫ్4 ఎల్ కూడా, దాని మూలలు ఎఫ్4లో మెత్తగా ఉన్నా ఎఫ్11లో ల్యాండ్‌స్కేప్‌కి చక్కగా చాలు. ఒకటి గుర్తుపెట్టుకో, క్రాప్ బాడీల కోసం చేసిన కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్సులు 5డి2కి అసలు ఎక్కవు. అలాంటివే నికాన్ డిఎక్స్ లెన్సులు డి700కి ఎక్కుతాయి గానీ ఆ 5 మెగాపిక్సెల్స్ క్రాప్‌లోకి పోతుంది. నికాన్ వైపు సుఖం ఏంటంటే డి700 బాడీలో ఫోకస్ మోటార్ ఉంది, కాబట్టి పాత ఏఎఫ్-డి లెన్సులు, 50 ఎఫ్1.8, 85 ఎఫ్1.8, 80-200 ఎఫ్2.8, ఇవన్నీ ఆటోఫోకస్‌తో పనిచేస్తాయి, ధర తక్కువ, గర్రుమని శబ్దం ఎక్కువ. మీ బావ అటకమీద ఫిల్మ్ రోజుల నాటి ఏఐ రకం మాన్యువల్ లెన్స్ (చేత్తో ఫోకస్ తిప్పుకునేది) ఉంటే అది కూడా మీటరింగ్‌తో పనిచేస్తుంది. తర్వాత వచ్చిన ఏఎఫ్-పి లెన్సులు మాత్రం డి700కి పనికిరావు, రేటు బాగుందని మోసపోకు. పెళ్ళిళ్ళకి నువ్వు మొదట కొనాల్సింది 85, తర్వాత 80-200, వైడ్ తర్వాత చూద్దువుగాని.

కొనేముందు చూడాల్సినవి. రెండిటి షట్టర్ లక్షన్నర క్లిక్కులకి రేట్ చేశారు, అంతకు మించి పోయినవీ ఉంటాయి, ముందే పోయినవీ ఉంటాయి. డి700తో ఒక ఫోటో తీస్తే కౌంట్ ఆ ఫైల్‌లోనే రాసి ఉంటుంది, అక్కడికక్కడే చూడొచ్చు. కెనాన్ ఫైల్‌లో రాయదు, యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిపి సాఫ్ట్‌వేర్‌తో చదవాలి, షాపువాడు "పాతిక వేలే తిరిగింది సార్" అంటే ఊ కొట్టకుండా వైరు తియ్యి. ఎఫ్16 పెట్టి ఆకాశమో తెల్ల గోడో తీసి మచ్చలు చూడు, దుమ్ము అయితే పోతుంది, సాలెగూడులా ఉంటే ఫంగస్, వదిలెయ్. డి700 గ్రిప్ రబ్బరు ఉబ్బి ఊడుతుంది, అది చిన్న రిపేరు, బేరానికి వాడుకో. సీఎఫ్ స్లాట్‌లోకి టార్చ్ వేసి పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయా చూడు. బ్యాటరీ విషయంలో కెనాన్ హాయి, దాని ఎల్‌పి-ఈ6 రకం తర్వాత చాలా బాడీల్లో కొనసాగింది కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది, నికాన్ ఈఎన్-ఈఎల్3ఈ ఒరిజినల్ దొరకడం కష్టం, చవక డూప్లికేట్లు కొన్నిటిని బాడీ గుర్తించదు, కాబట్టి బ్యాటరీ బాడీలో వేసి ఆన్ చేసి చూశాకే డబ్బులివ్వు. కొన్నాక బీరువాలో తోలు బ్యాగులో పెట్టకు, మన కోస్తా తేమకి వానాకాలం దాటేలోపు లెన్స్‌లో ఫంగస్ మొలుస్తుంది, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు.

"మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాలు) వచ్చాక ఈ పాతవి ఎందుకు" అని ఎవరో అంటారు, వాళ్ళని నీకు డబ్బులు ఇమ్మను. నిజంగా ఇంకొంచెం సర్దుకోగలిగితే మాత్రం 2014 నాటి నికాన్ డి750 చూడు, 24 మెగాపిక్సెల్స్, 51 పాయింట్లు, రెండు ఎస్‌డీ కార్డులు, వీడియో, ఈ రెండు పాత కెమెరాల గొడవ ఒక్క బాడీలో తీరిపోతుంది. దాని కోసం లెన్స్ డబ్బులు ఖర్చయిపోతుంటే మాత్రం వద్దు, డి700తో 85 ఎఫ్1.8 తీసేది డి750తో కిట్ లెన్స్ తియ్యదు.

డి700 తీసుకుంటే మొదటి పెళ్ళికి ముందే ఈ సెట్టింగులు పెట్టేసుకో. ఆటో ఐఎస్ఓ ఆన్, మాక్సిమమ్ 3200, మినిమమ్ షట్టర్ 1/160, తలంబ్రాలప్పుడు 1/250. ఆటో ఐఎస్ఓ డి700లో మాన్యువల్ మోడ్‌లో కూడా పనిచేస్తుంది, 5డి2లో మాన్యువల్‌లో పెడితే ఆటో ఐఎస్ఓ 400 దగ్గర ఆగి కూర్చుంటుంది, అది కూడా నికాన్‌కి ఒక మార్కు. ఫోకస్‌ని షట్టర్ బటన్ మీంచి తీసేసి వెనక ఏఎఫ్-ఆన్ బటన్‌కి మార్చు, రెండు మూడు రోజులు ఇబ్బందిగా ఉంటుంది, ఇంట్లో పిల్లల వెంట పడి ప్రాక్టీస్ చెయ్. రా, 14 బిట్, లాస్‌లెస్ కంప్రెస్డ్. ల్యాప్‌టాప్‌లో సీఎఫ్ స్లాట్ ఉండదు, కార్డ్ రీడర్ అదే రోజు కొనుక్కో.